ఆల్టోలో మంచుకొండకు: తేలిక బండి నిజంగానే ఎక్కువ జారుతుందా?

బెంగళూరు మారతహళ్ళిలో మేం మధ్యాహ్నం భోంచేసే ఆంధ్రా మెస్సులో పోయిన వారం పప్పుచారు చల్లారిపోయేదాకా ఒకటే వాదన. మాతో పనిచేసే అనంతపురం అన్న క్రిస్మస్ సెలవులకు భార్యాపిల్లలతో మనాలి పోవాలనుకుంటున్నాడు. విమానంలో కాదు, తన పాత ఆల్టోలో. ఇక్కణ్ణుంచి దాదాపు 2,700 కిలోమీటర్లు. ఆ దూరం సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరి బెంగా మంచు మీదే.

"ఏమప్పా, ముప్పాతిక టన్ను కూడా లేదు ఆ బండి. మంచులో నిలబడతాదా? బరువుండాల, నేలకు అదుముకోవాల" అన్నాడు కర్నూలాయన.

"మరి పోయినేడు వీడియో చూళ్ళేదా అన్నా? అంత లావు ఫోర్ బై ఫోర్ బండి, బ్రేకు తొక్కే ఉన్నాడు, అయినా జారిపోతానే ఉంది" అని ఇంకొకతను అందుకున్నాడు.

ఇద్దరూ చూసిందే చెప్పారు. ప్రతి డిసెంబర్‌లో మనాలికి పైనున్న సోలంగ్ వైపు నుంచి ఇలాంటి వీడియోలు మన ఫోన్లలోకి వచ్చి పడతాయి. 2024 డిసెంబర్ చివరి వారంలో సోలంగ్‌కూ అటల్ టన్నెల్‌కూ మధ్య వందల బండ్లు మంచులో ఇరుక్కుపోయాయి. వాటిలో చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. చిన్న బండి జారితే "తేలిక కదా" అంటాం. పెద్ద బండి జారితే "డ్రైవరుకు చేతకాలేదు" అంటాం. బరువుకూ జారుడుకూ ఉన్న సంబంధం ఈ రెండు మాటలకంటే కాస్త మెలికైంది.

మనకు ఒకటే మాట, టైరుకు నాలుగు నేలలు

చిక్కు మన మాటలోనే మొదలవుతుంది. లంబసింగిలో తెల్లారుజామున కమ్ముకునేదీ మంచే, బెంగళూరు పక్క నంది హిల్స్ ఎక్కుతుంటే కారు అద్దానికి పట్టేదీ మంచే, గడ్డి మీద బొట్టూ మంచే, హిమాలయాల్లో మోకాలి లోతున పేరుకునేదీ మంచే. మనకు ఆ చివరిదానితో అవసరం పడలేదు, అందుకే దానికి వేరే పేర్లు పెట్టుకోలేదు. టైరుకు మాత్రం అది ఒక్కటి కాదు.

అప్పుడే రాలిన మంచు పిండిలా ఉంటుంది. టైరు దాంట్లోకి దిగుతుంది, టైరు గాడుల్లో మంచు ఇరుక్కుంటుంది, మంచు మంచును పట్టుకుంటుంది. ఫరవాలేదు. దాని మీద పది బండ్లు తిరిగాక అణిగి, పాలిష్ పట్టిన నాపరాయిలా తయారవుతుంది. అక్కడ పట్టు పడిపోతుంది. ఎండకు సగం కరిగితే నీళ్ళూ మంచూ కలిసిన జావ అవుతుంది. అందులో చిక్కు వేరు, కింద తారు ఉన్నా టైరు దాన్ని అందుకోలేదు. ఇక మధ్యాహ్నం కరిగిన నీళ్ళు సాయంత్రం మళ్ళీ గడ్డకడితే ఏర్పడే పలచని ఐసు పొర అన్నిటికంటే ప్రమాదం. అద్దంలా ఉండి కింది తారు నల్లగానే కనిపిస్తుంది కాబట్టి తడి రోడ్డే అనుకుంటాం. కొండ నీడ పడే మలుపుల్లో, వంతెనల మీద ఇది ముందు పడుతుంది.

ఐసులో ఇంకో వింత. ఎంత చలి ఉంటే అంత జారుడు అనుకుంటాం, నిజానికి తలకిందులు. సున్నా డిగ్రీల దగ్గర ఐసు మీద సన్నటి నీటిపొర ఉంటుంది, జారుడంతా దానివల్లే. మైనస్ 20కి పోతే ఆ పొర బాగా పలచబడి పట్టు కొంత పెరుగుతుంది. అంటే గడ్డకట్టే చలి రాత్రి కంటే, ఎండ కాసి కాస్త వెచ్చగా ఉన్న మనాలి మధ్యాహ్నమే టైరుకు ఎక్కువ పరీక్ష.

నొక్కేదీ బరువే, ఆపాల్సిందీ బరువే

ఇప్పుడు కర్నూలాయన మాట. బరువుంటే నేలకు అదుముకుంటుంది, పట్టు పెరుగుతుంది. ఇందులో తప్పు లేదు. వంద కిలోల బరువు టైరును నేలకు నొక్కితే, పొడి తారు మీద ఆ టైరు సుమారు 70 కిలోల తోపును తట్టుకుంటుంది. తడి తారు మీద 50 దాకా, అణిగిన మంచు మీద 20 నుంచి 30, ఐసు మీద 10 లేదా ఇంకా తక్కువ. నిష్పత్తిగా చెప్పాలంటే 0.7, 0.5, 0.2, 0.1. రబ్బరునుబట్టి, చలినిబట్టి ఇవి అటూఇటూ అవుతాయి, వరస మాత్రం ఇదే.

బరువు రెండింతలైతే పట్టు కూడా రెండింతలవుతుంది, సరే. కానీ ఆపాల్సిన బండి బరువు కూడా రెండింతలైంది కదా. సంపాదన రెట్టింపై, ఖర్చూ రెట్టింపైనట్టు. బ్రేకు వేశాక బండి ఎంత దూరంలో ఆగుతుందన్న లెక్కలో బరువు పైనా కిందా కొట్టుకుపోతుంది. మిగిలేవి రెండే: ఎంత స్పీడు, ఎలాంటి నేల.

40 కి.మీ. వేగంలో పోతున్నాం అనుకుందాం. పొడి తారు మీద బ్రేకు పట్టిన చోటినుంచి 9 మీటర్లలో ఆగుతాం, అంటే రెండు కార్ల పొడవు కంటే కాస్త ఎక్కువ. అణిగిన మంచు మీద 31 మీటర్లు. ఐసు మీద 63 మీటర్లు. ఆల్టో అయినా అంతే, దానికి మూడింతలు బరువుండే ఫార్చ్యూనర్ అయినా అంతే, టైరు రబ్బరు ఒకే రకందైతే. అదే స్పీడును సగం చేసి 20లో పోతే, ఐసు మీద 16 మీటర్లలోపే ఆగొచ్చు. స్పీడు సగమైతే దూరం నాలుగో వంతు అవుతుంది. చలికొండల్లో పుట్టి పెరిగిన డ్రైవర్లు నత్తల్లా ఎందుకు నడుపుతారో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇదంతా చదునైన రోడ్డు మీద. దిగుడు రోడ్డయితే లెక్క ఇంకా చేదు. వంద మీటర్లకు పది మీటర్లు దిగే రోడ్డు అనుకోండి, ఘాట్‌లో మామూలే. ఆ వాలు బండిని కిందికి లాగే బలం, బండి బరువులో పదోవంతు. ఐసు ఇచ్చే పట్టు కూడా పదోవంతే. రెండూ సరిసమానం. అంటే బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా వేగం తగ్గదు. ఐసు ఇంకాస్త నునుపుగా ఉంటే, నిలిపి ఉంచిన బండే తనంతట తాను బయల్దేరుతుంది. ఆ వీడియోలో రెండు టన్నుల బండికి జరిగింది అదే. నాలుగు చక్రాలూ తిరక్కుండా బిగుసుకునే ఉన్నాయి. బండి మాత్రం పోతోంది.

అరచేతంత రబ్బరు

"సరేన్నా, మరి అదుముకోవడం అనేది లేదా?" అని మెస్సులోనే అడిగారు. ఉంది. కానీ మనం అనుకున్నట్టు లేదు.

బండి బరువును మోసేది టైరులోని గాలి. పంక్చరు షాపులో "ముప్పై పెట్టన్నా" అంటామే, ఆ 30 అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోల ఒత్తిడి. టైరు నేలమీద ఎంతవరకు పరుచుకుంటుందంటే, ఆ ఒత్తిడితో బరువంతా మోయడానికి ఎంత జాగా కావాలో అంతవరకు. ఇద్దరు కూర్చున్న ఆల్టో 890 కిలోలనుకుంటే ఒక్కో టైరు మీద 222 కిలోలు. భాగిస్తే నేలను తాకే రబ్బరు 106 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, అరచేయి కంటే కాస్త పెద్ద. ఇద్దరితో 2,340 కిలోలుండే పెద్ద బండికి ఒక్కో టైరు మీద 585 కిలోలు, తాకే జాగా 280 చదరపు సెంటీమీటర్ల దాకా.

చూడండి, పెద్ద బండి బరువు పెరిగినంతా దాని పాదం కూడా పెరిగింది. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడి రెంటికీ ఒకటే, ఎందుకంటే రెంటిలోనూ గాలి ఇంచుమించు అంతే పెడతాం. ఏనుగు కాలు వెడల్పు, మేక గిట్ట సన్నం. మంచు మీద మేక తక్కువ అదుముతుందని చెప్పలేం. టైరు గోడ బిరుసును లెక్కలో కలిపితే ఈ అంకెలు కొంచెం మారతాయి, అయినా విషయం మారదు.

ఎక్కేటప్పుడు: బరువెంత అని కాదు, ఎక్కడుంది అని

ఆపడానికి నాలుగు చక్రాలూ పనికొస్తాయి. ఎక్కడానికి మాత్రం ఇంజన్ తిప్పే చక్రాలే దిక్కు. ఆల్టో, వ్యాగన్ఆర్, స్విఫ్ట్ వంటి మన చిన్న కార్లన్నిటికీ ఇంజన్ ముందే, తిరిగేవీ ముందు చక్రాలే. ముందు ఇద్దరే ఉంటే బండి బరువులో 60 శాతం దాకా ముందు చక్రాల మీద ఉంటుంది. అణిగిన మంచు పట్టు 0.2 కాబట్టి, వందకు 12 మీటర్ల ఎగుడు దాకా ఎక్కగలదు. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో సూట్‌కేసులు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ, మర్చిపోకుండా ప్రెషర్ కుక్కరు పెడితే బరువు వెనక్కి జరిగి ముందు చక్రాల వాటా సగానికి వస్తుంది. ఇప్పుడు వందకు 10కే చతికిలబడుతుంది. బండి మొత్తం బరువు పెరిగింది, ఎక్కే శక్తి తగ్గింది. బరువుంటే మంచిదన్న నమ్మకం తలకిందులయ్యేది ఇక్కడే.

దీన్ని నేను కళ్ళారా చూశాను. కొన్నేళ్ళ కింద మనాలి పైనున్న పల్చాన్ ఊరు దాటాక ఒక చిన్న ఎత్తు దగ్గర మేం ఎక్కిన అద్దె కారు ముందు చక్రాలు సర్రుమని తిరుగుతున్నాయి, బండి అంగుళం కదలడం లేదు. టైరు కింది మంచు వేడికి కరిగి అద్దమై, రబ్బరు కాలిన వాసన వస్తోంది. పక్కన టీ కాచుకుంటున్న కుర్రాడొకడు వచ్చి, వెనకున్న మమ్మల్ని దిగమన్నాడు. డ్రైవరును కిందున్న చదును జాగాలో బండి తిప్పుకోమని, రివర్సులో ఎక్కించమన్నాడు. మాకు నవ్వొచ్చింది. బండి మాత్రం మారుమాట్లాడకుండా వెనక్కి నడుచుకుంటూ ఎక్కేసింది. ఎగుడులో బరువు ఎప్పుడూ పల్లం వైపు చక్రాల మీదికి కొంత జరుగుతుంది. ముందుకు ఎక్కితే ఆ లాభం వెనక చక్రాలది, ఆల్టో లాంటి బండిలో అవి తిరిగేవి కావు. రివర్సులో ఎక్కితే ఇంజనున్న చక్రాలదే. తేడా కొద్దిపాటిదే, వెనక సీటు ఖాళీ కావడం దానికి తోడై గట్టెక్కించింది.

వెనక చక్రాలు తిరిగే బండ్లకు ఇదంతా అటుదిటు. మారుతి ఈకో వ్యాను ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు చాలదు, మంచులో తోకాడిస్తుంది. దాంట్లో వెనక ఇసుక మూటలు వేస్తే పని చేస్తుంది. "డిక్కీలో ఇసుక మూట వెయ్యి, పట్టు వస్తుంది" అన్న సలహా పుట్టింది ఇలాంటి బండ్ల నుంచే. దాన్ని ఆల్టోకు తగిలిస్తే మందు బదులు విషం. టాటా నానోది మూడో దారి. 600 కిలోల బండి, ఇంజన్ వెనక, తిరిగేవీ వెనక చక్రాలే. ఎగుడులో దానికి కలిసొస్తుంది, కానీ ముందు తేలికగా ఉండడంతో స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు మాట వినకపోవచ్చు.

బరువు నిజంగా తేడా తెచ్చే చోట్లు

ఇంతవరకు చదివి బరువుతో పనే లేదనుకుంటే పొరపాటు. లోతు మంచులో తేడా ఉంది. బండి మంచును దున్నుకుంటూ పోవాలి. ఆల్టో కింది ఖాళీ 160 మిల్లీమీటర్లే, అంటే జానెడు కూడా లేదు. మంచు అంతకు మించి పేరుకుంటే బండి పొట్ట మంచు మీద కూర్చుంటుంది, చక్రాల మీది బరువు పొట్ట మీదికి పోతుంది, తిరిగే చక్రాలు గాలిలో తిరిగినట్టే. ఇది తేలికదనం వల్ల కాదు, పొట్టిదనం వల్ల. చిన్న బండ్లు తేలికగానూ పొట్టిగానూ ఉంటాయి కాబట్టి నింద బరువు మీద పడుతుంది.

ఇంకోటి గాడి. లారీలు, బస్సులు తిరిగిన దారిలో రెండు లోతైన గాడులు పడి రాత్రికి గట్టిపడతాయి. చిన్న కారు చక్రాల మధ్య దూరం ఆ గాడుల మధ్య దూరానికి సరిపోదు. ఒక చక్రం గాడిలో, ఇంకోటి గట్టు మీద, బండి పక్కకు వాలి లాగుతూ ఉంటుంది. ఎడ్లబండి బాటలో సైకిలు తొక్కిన వాళ్ళకు ఈ అవస్థ తెలుసు. ఇందులో తేలిక బండిని గాడి ఎటు నెడితే అటు పోతుంది. ఎదురుగా వచ్చే బస్సు తోసే గాలి కూడా దాన్నే ఎక్కువ కదిలిస్తుంది.

గుద్దుకుంటే బరువైన బండిలోని వాళ్ళకు రక్షణ ఎక్కువ, ఇదీ నిజమే. కాకపోతే జారుతూ వచ్చే రెండు టన్నులు తగిలే దెబ్బ కూడా రెండు టన్నులదే. ఇరుక్కుపోయినప్పుడు మాత్రం తేలిక బండికి పోటీ లేదు. నలుగురు కలిసి ఆల్టోను ఎత్తినంత పని చేసి పక్కకు జరుపుతారు. పెద్ద బండికి తాడు కావాలి, ఇంకో పెద్ద బండి కావాలి, గంటసేపు ఓపిక కావాలి.

సన్నటి టైరా, వెడల్పు టైరా

ఇక్కడ పెద్దల్లోనే రెండు వాదాలు. ఆల్టో టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్‌ది 265. సన్నటి టైరు కత్తిలా జావలోకి, పిండి మంచులోకి దిగి కింది గట్టి నేలను అందుకుంటుందని ఒక వాదం. దున్నాల్సిన మంచు వెడల్పు కూడా తగ్గుతుంది. రోడ్డు మీద నాలుగైదు అంగుళాల మంచుంటే ఈ వాదమే గెలుస్తుంది, చిన్న కారుకు కలిసొచ్చే గుణం ఇది.

రెండో వాదం ఐస్‌లాండ్ వాళ్ళది. అక్కడ మంచుమైదానాల్లో తిరిగే జీపులకు ఏనుగు కాళ్ళంత టైర్లు వేసి, గాలి దాదాపు తీసేసి, మంచు పైనే తేలుతూ పోతారు. కింద అందుకోవడానికి నేలే లేనప్పుడు దిగిపోయి ఏం లాభం? ఇద్దరిదీ ఒప్పే, నేలలు వేరు. మనవాళ్ళు అక్కడి వీడియో చూసి సోలంగ్ రోడ్డు మీద ఆల్టో టైర్లలో గాలి తీస్తేనే తంటా. అంచులు నలిగి, స్టీరింగ్ బరువెక్కి, గుంటలో పడితే రిమ్ము వంగుతుంది.

అసలు కథ రబ్బరుది

నన్నడిగితే ఈ వాదనలో ఎక్కువసేపు మాట్లాడాల్సింది దీని గురించే, మెస్సులో మాత్రం ఎవరూ ఎత్తలేదు. మన ఊళ్ళ టైర్లు 40 డిగ్రీల ఎండకు, కాలే తారుకు తగ్గట్టు చేసినవి. సుమారు 7 డిగ్రీల కిందికి దిగితే ఆ రబ్బరు బిగుసుకుంటుంది. మెత్తగా ఉండి నేల గరుకులోకి ఒదగాల్సింది చెక్క చెప్పులా తయారవుతుంది. చలిదేశాల్లో వాడే శీతాకాలపు టైర్లు చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరుతో, నేలను తాకే ట్రెడ్ నిండా వెంట్రుకవాసి చీలికలతో ఉంటాయి. ఆ చీలికల అంచులు వందలాది గోళ్ళలా మంచును గీరి పట్టుకుంటాయి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తుంటే అది మంచు పరీక్ష నెగ్గిన టైరు. ఏ ఎండకా గొడుగు అన్నట్టు ఏ నేలకా రబ్బరు. మన దగ్గర వాటికి గిరాకీ లేదు, చిన్న కార్ల సైజుల్లో దొరకడం మరీ కష్టం.

తేలిక బండి మంచుకు పనికిరాదన్న మాటకు జపాన్ ఒక్కటే చాలు. ఆల్టో పుట్టిందే అక్కడ, 1979లో, చిన్న ఇంజన్ చిన్న కొలతల 'కే' కార్ల తరగతిలో. ఇప్పటికీ ఆ తరగతి కార్ల ఇంజన్ 660 సీసీ దాటకూడదు, పొడవు 3.4 మీటర్లు దాటకూడదు. నెలల తరబడి మంచు కప్పేసే హొక్కైడోలో కూరగాయలకు, బడికి, ఆసుపత్రికి జనం ఈ అగ్గిపెట్టెల్లోనే తిరుగుతారు. శీతాకాలపు టైర్లు వేసుకుని, వాటిలో చాలావాటికి నాలుగు చక్రాలూ తిరిగే ఏర్పాటుతో. అంతకుముందు యూరప్‌లోనూ ఇదే కథ. ఆల్ప్స్ కొండల మంచులో జరిగే మాంటి కార్లో ర్యాలీని 1964, 1965, 1967లలో గెలిచింది మినీ కూపర్. ముందు చక్రాలు తిరిగే, చంటిపిల్లాడి బొమ్మలాంటి కారు. పిట్ట కొంచెం, కూత ఘనం.

ఫోర్ బై ఫోర్ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

నాలుగు చక్రాలూ తిరిగితే బండి బరువంతా ఎక్కడానికి పనికొస్తుంది. ఇందాకటి లెక్కలో వందకు 12 ఎక్కిన చోట 20 దాకా ఎక్కొచ్చు. వెయ్యి కిలోలైనా లేని పాత జిప్సీ, తేలిక బండే అయినా, సైన్యంలో కొండల మీద అన్నేళ్ళు సేవ చేసిందంటే కారణం ఇదే. కానీ బ్రేకు వేసినప్పుడు ప్రతి కారూ నాలుగు చక్రాల కారే. ఆపడంలో ఫోర్ బై ఫోర్‌కు అదనంగా వచ్చేది ఏమీ లేదు. సులువుగా ఎక్కేసరికి ధైర్యం వస్తుంది, దిగేటప్పుడు ఆ ధైర్యమే ముంచుతుంది.

బ్రేకులకు తోడుండే ఏబీఎస్ సంగతి కొంచెం తమాషా. గట్టి ఐసు మీద చక్రం బిగుసుకోకుండా చూసి స్టీరింగ్‌ను మన చేతిలో ఉంచుతుంది, అది గొప్ప మేలు. పిండి మంచులో మాత్రం ఏబీఎస్ లేని బండే తక్కువ దూరంలో ఆగొచ్చు. బిగుసుకున్న చక్రం ముందు మంచు కుప్పగా చేరి అడ్డుకట్ట వేస్తుంది. ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఆ కుప్ప చేరదు. అలాగని దాన్ని తీసేయమని ఎవరూ అనరు. కొండమలుపులో రెండు మీటర్లు ముందు ఆగడం కంటే బండి మన మాట వినడం ముఖ్యం.

గొలుసులు ఇనుప గోళ్ళు. తిరిగే చక్రాలకు కట్టాలి, ఆల్టోకైతే ముందు. ముందువాటికే కట్టి దిగుడులో బ్రేకు వేస్తే ముందు పట్టుకుంటుంది, వెనక జారి బండి గిర్రున తిరగొచ్చు. అందుకే నాలుగింటికీ కట్టుకునేవాళ్ళూ ఉన్నారు. మంచు లేని తారు మీద గొలుసులతో పోతే అవి తెగుతాయి, టైరునూ తింటాయి. గట్టిగా మంచు పడిన రోజుల్లో మనాలి దాటాక పోలీసులు ఆపి చూసేవి రెండే: ఫోర్ బై ఫోరా, గొలుసులున్నాయా. బండి బరువెంతని అడగరు.

బెంగళూరు నుంచి వెంట వచ్చే సంగతులు

గాలి గురించి ఒక చిన్న వినోదం. ఇక్కడ 25 డిగ్రీల్లో 30 గాలి పెట్టి, మైనస్ 5లో ఉన్న అటల్ టన్నెల్ ముఖద్వారానికి పోతే చలికి టైరులో ఒత్తిడి నాలుగు పాయింట్లకు పైగా పడిపోవాలి. కానీ అక్కడ ఎత్తు 3,000 మీటర్ల పైన, బయటి గాలే పలచన. అది మూడు పాయింట్లు తిరిగి ఇస్తుంది. రెండూ కొట్టుకుపోయి మీటరు 29 దగ్గర చూపిస్తుంది. ఆ పలచటి గాలికి ఇంజన్ బలం మాత్రం కొంత తగ్గుతుంది. మంచులో అది పెద్ద నష్టం కాదు, అక్కడ కరువు పట్టుకే గానీ బలానికి కాదు. చాలామంది బండిని రెండో గేరులో కదిలించేది కూడా చక్రానికి అందే బలాన్ని తగ్గించడానికే.

అసలు ముప్పు రేడియేటర్‌లో ఉంది. బెంగళూరు చలి ఏనాడూ నీళ్ళను గడ్డకట్టించదు. అందుకని ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గితే బంకులో సీసాడు నీళ్ళు పోసి మూత బిగించేస్తాం, ఏళ్ళ తరబడి. నీళ్ళు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి. ఫ్రీజర్‌లో మర్చిపోయిన సీసా పగిలినట్టు రాత్రికి రాత్రి రేడియేటరో, ఇంజన్ బ్లాకో చీలుతుంది. నీళ్ళు కలపని గాఢ కూలెంట్, నీళ్ళు సగంసగం ఉంటే మైనస్ 30 దాకా భయం లేదు. హ్యాండ్ బ్రేకు కూడా తడిసి రాత్రికి గడ్డకట్టి పట్టేస్తుంది, అందుకే అక్కడివాళ్ళు గేరులో పెట్టి చక్రం కింద రాయి వేస్తారు.

ఇరుక్కుపోయిన బండిలో హీటరు వేసుకుని కూర్చోవడం ఇంకో సంగతి. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ కొండ మీద మంచులో చిక్కుకున్న కార్లలో 20 మందికి పైగా చనిపోయారు. సైలెన్సర్ గొట్టం మంచులో పూడిపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు బండి లోపలికే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్ర పట్టినట్టే ఉంటుంది. చిన్న కారులో గొట్టం నేలకు మరీ దగ్గర, లోపలి జాగా తక్కువ.

అనంతపురం అన్న ఇంకా తేల్చుకోలేదు. ఆల్టోను మనాలిలో ఆపి పైకి అక్కడి జీపులో పోదామని ఇంట్లో వదిన అంటోందట. శనివారం మాత్రం నన్ను వెంటబెట్టుకుని మున్నేకొళాలలో తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయాడు. కుర్రాడు రేడియేటర్ కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టి గొట్టం ఊడదీశాడు. ఆకుపచ్చగా రావాల్సింది తుప్పు రంగు తిరిగిన ఉత్త నీళ్ళు వచ్చాయి, నాలుగు లీటర్ల దాకా. అన్న టబ్బులోకి వంగి చూసి, "ఇన్నేళ్ళూ దీంతోనే తిరిగినామా రా" అన్నాడు.